నలభై నిమిషాల మనిషి, ఏడు నిమిషాల కారు

తిరుమల కొండ దిగేటప్పుడు నలభై నిమిషాలకు ముందే అలిపిరి చేరిన బండికి జరిమానా. నా సర్వీసు చివరి ఏళ్లలో ఆ దారికి అదీ రూలు. తొందరపడితే శిక్ష పడే దారిలో బస్సు నడిపి రిటైరైన నన్ను, పోయిన ఏడాది వేసవిలో మా మనవడు ఒక ఆట ముందు కూర్చోబెట్టాడు. అక్కడ ముందొచ్చినవాడికి బంగారు పతకం.

ఆట పేరు గ్రాన్ టురిస్మో 7. టేబుల్‌కి బిగించిన స్టీరింగు, కింద పెడళ్లు. బ్రేకు తొక్కినప్పుడల్లా పెడళ్లు టైల్స్ మీద వెనక్కి జారుతుంటే మా అమ్మాయి వంటింట్లోంచి బియ్యం బస్తా ఈడ్చుకొచ్చి అడ్డం పెట్టింది. తెర మీద కారు పోర్షా 911 జీటీ3 ఆర్‌ఎస్. బరువు 1,420 కిలోలు, బలం 500 హార్స్‌పవర్. జనంతో కలిపి పదిహేను టన్నులు లాగిన నా బస్సుకు అందులో సగం బలం కూడా లేదు.

దారి జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్. అందులో నార్డ్‌ష్లైఫ అనే పాత ట్రాకు, 1927లో ఐఫెల్ కొండల మధ్య వేసింది. పొడవు 20.8 కిలోమీటర్లు, మలుపులు డెబ్భై పైనే. పొడవులో మన దిగే ఘాట్‌ కంటే కాస్త ఎక్కువ. మన దారిలాగే అదీ వన్‌వే. 2015లో పోర్షా కంపెనీ ఈ కారునే అక్కడ 7 నిమిషాల 20 సెకన్లలో తిప్పింది.

నెల రోజులు ఆ కారుతో కుస్తీ పట్టాను. తెలిసొచ్చినవి వరసగా రాస్తున్నాను.

1. అనుభవం ఉన్నా లైసెన్సు పరీక్ష రాయండి

ఈ ఆటలోనూ లైసెన్సులుంటాయి. మొట్టమొదటి పరీక్ష ఏమిటంటే, బయల్దేరి, ముందు గీసి ఉన్న గడిలో బండి ఆపాలి. అంతే, మలుపు కూడా లేదు. "ఆర్టీవో ఆఫీసులో వేయించే ఎనిమిది అంకె దీనికంటే కష్టం కదరా" అన్నాను. మొదటిసారి గడి దాటేశాను. రెండోసారి గడికి చాలా ఇవతలే ఆగాను. మూడోసారి మళ్లీ దాటేశాను. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు! మనవడు నవ్వి ఉంటే బాగుండేది. వాడు మర్యాదగా తల వంచుకుని కూర్చున్నాడు, అదే ఎక్కువ గుచ్చుకుంది. ఆరోసారికి కంచు పతకం వచ్చింది. ఒక బండి మీద సంపాదించిన అనుభవాన్ని ఇంకో బండి అడగకుండానే ఒప్పుకోదు. మళ్లీ మొదటి బెంచీలో కూర్చోవడానికి సిగ్గుపడొద్దు.

2. నడుముకు తెలిసినది కంటికీ చెవికీ నేర్పండి

అంత చిన్న పరీక్ష ఎందుకు తప్పానో రాత్రి పడుకున్నాక తట్టింది. బస్సులో బ్రేకు ఎంత పడిందో నాకు నడుము చెప్పేది. నిలబడ్డ జనం ఒక్కసారి ముందుకు తూలితే వెనక నుంచి కండక్టరు "అన్నా, మెల్లగా" అనేవాడు. మనవడి గదిలో కుర్చీ కదలదు. ఇరవైలో వెళ్లినా రెండొందల్లో వెళ్లినా వీపుకు ఒకటే. ఇక మిగిలినవి కళ్లు, చెవులు, చేతులు.

టైరు సన్నగా కూస్తే ఇంకా పట్టు ఉన్నట్టు, గట్టిగా అరిస్తే చెయ్యి దాటుతున్నట్టు. ఆ స్టీరింగులో మోటారు ఉంటుంది, మలుపులో అది బిగుతుగా ఎదురు తిరుగుతుంది. ఆ బిగువు ఉన్నట్టుండి తేలికైపోయిందంటే ముందు టైర్లు నేలను వదిలేశాయన్నమాట. వేగం అంచనా అందదు కాబట్టి గుర్తులు పెట్టుకున్నాను. ఈ వంతెన దాటగానే బ్రేకు, ఆ బోర్డు దగ్గర గేరు. ఘాట్‌లోనూ అంతే కదా, ఫలానా చెట్టు కనబడితే సెకండ్ గేరు అనుకునేవాళ్లం.

3. టైరు పట్టు నెల జీతం లాంటిది

ఇదొక్కటి అర్థమైతే సగం ఆట వచ్చినట్టే. నేలతో టైరుకున్న పట్టు వంద రూపాయలు అనుకోండి. వందా బ్రేకుకే ఖర్చు పెడితే స్టీరింగుకు పైసా మిగలదు. అప్పుడు ఎంత తిప్పినా కారు తిన్నగా వెళ్లి కంచెకు తగులుతుంది. నేను చేసిందీ అదే. మలుపులోకి వచ్చాక భయపడి బ్రేకు తొక్కడం, తొక్కుతూనే స్టీరింగు తిప్పడం.

పద్ధతి ఏమిటంటే, పెద్ద బ్రేకు తిన్నని దారిలోనే అయిపోవాలి. మలుపు మొదలవుతుండగా పాదం కొద్దికొద్దిగా లేపుతూ, ఎంత లేపితే అంత స్టీరింగు తిప్పాలి. అద్దె కట్టాక మిగిలిన దానితోనే సరుకులు తెచ్చుకున్నట్టు. మలుపు దాటి స్టీరింగు తిన్నగా అవుతున్నప్పుడు యాక్సిలరేటర్ కూడా అదే లెక్కన ఇవ్వాలి. మా అమ్మాయి తలుపు దగ్గర నిలబడి విని, "ఈ లెక్క నువ్వు ఇంట్లో ఎప్పుడూ పాటించలేదు నాన్నా" అంది.

4. కాలు తీయడం కూడా ఒక పనే

నా పాత బస్సులో ఇంజను నా పక్కనే ఉండేది. వేసవిలో ఎడమ మోకాలు ఉడికిపోయేది. ఈ పోర్షాలో ఇంజను వెనక చక్రాలకు కూడా వెనకాల ఉంటుంది. 1963లో మొదటి 911ని లోకానికి చూపించినప్పటి నుంచీ వాళ్లు ఆ పట్టు వదల్లేదు. బరువంతా వెనక ఉండబట్టి మలుపు లోంచి బయటికొచ్చేటప్పుడు కారు నేలను గట్టిగా తన్ని దూకుతుంది.

కానీ మలుపు మధ్యలో భయమేసి యాక్సిలరేటర్ మీద నుంచి ఠక్కున కాలు తీశారా, బరువు ముందుకు దొర్లుతుంది, వెనక టైర్లు తేలికైపోతాయి. ఆ వెనకున్న ఇంజనే గడియారం లోలకంలా బయటికి ఊగుతుంది. నేను మొదటి వారం వెళ్లిన దారి కంటే, వచ్చిన దారినే ఎక్కువసార్లు చూశాను. "తాతా, నువ్వు బ్రేకు కొట్టలేదు, కాలు తీశావు, దానికే తిరిగింది" అన్నాడు మనవడు. ఏమీ చెయ్యకుండా ఊరుకోవడం క్షేమం అనుకుంటాం. ఆ కారులో అది కూడా చేసిన పనుల లెక్కలోకే వస్తుంది. కాలు తీయాలన్నా మెల్లగా తీయాలి.

5. ఆలస్యంగా తిరగండి

నెల మొత్తంలో నేను తప్పు పట్టించుకోనిది ఇదొక్కటే. బస్సు పొడవు బండి. హెయిర్‌పిన్ మలుపులో ముందే తిప్పేస్తే వెనక చక్రాలు లోపలి గట్టును ఎక్కేస్తాయి. అందుకని బయటి అంచు పట్టుకుని, ఇంక తిరగదేమో అని జనం సీట్లు పట్టుకునేదాకా తిన్నగా వెళ్లి, అప్పుడు ఒక్కసారి తిప్పాలి. అలవాటు కొద్దీ పోర్షానీ అలాగే తిప్పాను. మనవడు కుర్చీలో ముందుకు జరిగాడు. "లేట్ అపెక్స్! నీకెవరు చెప్పారు తాతా?"

ఆలస్యంగా తిప్పితే మలుపు రెండో సగం దాదాపు తిన్నగా అయిపోతుంది, కాబట్టి యాక్సిలరేటర్ ముందుగా ఇవ్వొచ్చు. రేసు డ్రైవరుకు అది వేగం కోసం, నాకు గట్టు తగలకుండా ఉండటం కోసం. ఇద్దరం తిప్పే చోటు ఒకటే.

6. దారి మొత్తం ఒకేసారి మింగొద్దు

డెబ్భై మలుపులు ఎవరికీ ఒక్క రోజులో రావు. ఆట ఆ ట్రాకును ముక్కలు చేసి, ముక్కకో పరీక్ష పెడుతుంది. రోజుకో ముక్క చాలు. ఎక్కడా గుద్దకుండా పూర్తి చేసిన నా మొదటి చుట్టు పద్నాలుగు నిమిషాలు. నెలాఖరుకు పదికి దిగింది. ఏడు నా వల్ల కాదు, ఆ సంగతి మోకాళ్లే చెప్పాయి.

7. మళ్లీ మొదలుపెట్టే బొత్తాన్ని నమ్మొద్దు

కారు కంచెను గుద్దుతుంది, బొత్తాం నొక్కితే మళ్లీ గీత దగ్గర నిలబడుతుంది. తప్పుకు ఖర్చు లేదు కాబట్టే అంత త్వరగా నేర్చుకున్నాను. అందులోనే ప్రమాదమూ ఉంది.

ఘాట్‌లో బస్సు నడిపే రోజుల్లో ఒక వానాకాలం సాయంత్రం, ఆ రోజుకు అదే నా చివరి ట్రిప్పు. త్వరగా ఇల్లు చేరాలని సెకండ్ గేరులో దించాల్సిన చోట థర్డ్‌లో దించాను, కాలు బ్రేకు మీదే ఉంచి. ముందు లైనర్లు కాలిన వాసన వచ్చింది. తర్వాత పెడల్ తొక్కుతున్నా బస్సు ఆగాల్సినంత ఆగడం లేదు. ఇంజను అరుస్తుండగా సెకండ్‌లోకి లాగి, గోడ వారగా ఆపి, చక్రానికి రాయి పెట్టి దిగాను. చేతులు వణుకుతున్నాయి. లోపల జనం నేనేదో మొక్కు తీర్చుకోవడానికి ఆపాననుకుని గోవింద కొట్టారు. తప్పు బస్సుది కాదు, నాది. ఆ పాఠం ఏ బొత్తాంతోనూ వచ్చేది కాదు.

యాన్ మార్డెన్‌బరో అనే కుర్రాడు 2011లో ఈ గ్రాన్ టురిస్మో పోటీలోనే గెలిచి నిజమైన రేసు డ్రైవరయ్యాడు. 2023లో అతని మీద సినిమా కూడా వచ్చింది. అతనే 2015లో ఇదే నార్డ్‌ష్లైఫ మీద, ఫ్లుగ్‌ప్లాట్జ్ అనే మిట్ట దగ్గర రేసులో ఉండగా కారు గాల్లోకి లేచి కంచె అవతల పడింది. అతను బతికాడు, చూడటానికి వచ్చిన ఒక మనిషి చనిపోయాడు. ఆ మిట్ట మీద నేనూ బోలెడుసార్లు ఎగిరాను, మనవడితో కలిసి నవ్వాను కూడా. ఈ సంగతి వాడే చెప్పాడు. ఆ తర్వాత అక్కడికి వచ్చేసరికి ఇద్దరం మాట్లాడుకోం.

మొన్న డిసెంబరులో మనవడికి అసలు లైసెన్సు వచ్చింది. దర్శనానికి వెళ్లి, దిగేటప్పుడు తాళం వాడికిచ్చి నేను పక్కన కూర్చున్నాను. సెకండ్ గేరు వేశాడు. బ్రేకు ముందే పూర్తి చేశాడు, ఆలస్యంగా తిప్పాడు. ఒక మలుపులో ఎదురుగా కోతి అడ్డం వస్తే కాలు ఠక్కున తీయలేదు, మెల్లగా తీశాడు. వాడు దార్లో వేగం ముల్లు వైపు చూసుకోలేదు, నేను వాచీ వైపు మాత్రం చూస్తూనే ఉన్నాను.

అలిపిరి దగ్గర బండి ఆపి అడిగాడు, "ఎంత తాతా టైము?"

"నలభై నాలుగు నిమిషాలు. జరిమానా లేదు."