విజయపురి నుంచి నాగార్జునసాగర్ దాకా: ఒక ఊరు నేర్పే అనిచ్చ పాఠం



ఈ పాఠంలో అనిచ్చ గురించి, అంటే అనిత్యత గురించి తెలుసుకుందాం. అనిచ్చ అనగానే మనలో చాలామంది "అంతా పోయేదే, ఏముంది ఇంక" అని నిట్టూరుస్తరు. చావింట్లో ఓదార్పు కోసం చెప్పే మాటలెక్క వాడుతరు. బుద్ధుడు చెప్పింది అంతమాత్రమే కాదు. కారణాలు కలిస్తే ఒకటి పుడుతుంది. కారణాలు మారితే అది మారుతుంది. కారణాలు పోతే అదీ పోతుంది. కాబట్టి అనిచ్చను తెలుసుకోవడం అంటే కారణాలను వెతకడం.

దీనికి దూరం పోనక్కరలేదు. మన నల్లగొండ జిల్లా అంచున, కృష్ణ ఒడ్డున నాగార్జునసాగర్ ఉంది. గేట్లు ఎత్తిన్రంటే హైదరాబాద్ నుంచి కార్లు బారులు తీరే ఊరు అది. ఆ ఊరు ఇప్పటికి ఎన్నిసార్లు మారిందో, ఎందుకు మారిందో చూద్దాం.

1. రాజధాని విజయపురి

క్రీస్తు శకం 3వ శతాబ్దంలో ఇక్కడి లోయలో విజయపురి అనే పట్నం ఉండేది. ఇక్ష్వాకు రాజుల రాజధాని అది. రాజు చాంతమూలుడు అశ్వమేధం లాంటి యజ్ఞాలు చేసినోడు. కానీ ఆయన సోదరి చాంతిసిరి బుద్ధుని ధాతువుల మీద మహాచైత్యం కట్టించింది. బోధిసిరి అనే ఉపాసిక సింహళం నుంచి వచ్చిన థేరవాద భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. ఈ సంగతులు రాతి శాసనాల్లో ఉన్నాయి. రాజు యజ్ఞం చేస్తున్న ఊళ్లోనే ఆడవాళ్లు సంఘానికి అండగా నిలబడ్డరు. మన ఉపాసికలు ఈ రెండు పేర్లు గుర్తు పెట్టుకోవాలె.

లోయ నిండా ముప్పైకి పైగా బౌద్ధ కట్టడాలు ఉండేవి. వేర్వేరు నికాయాల భిక్షువులు పక్కపక్కనే ఉండి చదువు చెప్పిన్రు. అంత పెద్ద కేంద్రం ఎట్ల పడిపోయింది? విహారాలు ఎక్కువగా రాజకుటుంబం, వర్తకుల దానాల మీద నడిచినయి. 4వ శతాబ్దంలో ఇక్ష్వాకుల పాలన ముగిసింది. దానం ఇచ్చే చేయి పోయింది, విహారం ఖాళీ అయింది. స్తూపం మట్టిదిబ్బ అయింది. అక్కడ బుద్ధుడున్నడన్న సంగతి కూడా జనం మరిచిపోయిన్రు.

2. మునిగిన లోయ

1926లో ఆ దిబ్బలు మళ్లీ వెలుగులోకి వచ్చినయి. తర్వాత లాంగ్‌హర్స్ట్ అనే అధికారి ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగినయి. ఇంతలో కృష్ణ మీద పెద్ద డ్యాం కట్టాలని నిర్ణయం జరిగింది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిండు. లోయ మునగబోతున్నది కాబట్టి 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ ఆదరాబాదరాగా లోయనంతా తవ్వింది. దొరికిన కట్టడాల్లో కొన్నింటిని రాయి రాయి విప్పి కొండ మీద, అనుపు దగ్గర మళ్లీ నిలబెట్టిన్రు. నీళ్లు నిండినాక ఆ కొండే ద్వీపం అయింది. అదే నేటి నాగార్జునకొండ. లోయలోని ఊళ్లు ఖాళీ అయినయి, జనం ఇల్లూ పొలం వదిలి లేచిపోయిన్రు.

ఒక సంగతి గమనించండి. ఆ శంకుస్థాపన జరిగిన పది నెలలకే, 1956 అక్టోబర్ 14న, నాగపూర్‌లో బాబాసాహెబ్ ధమ్మదీక్ష తీసుకున్నరు. ఒక దిక్కు పాత బౌద్ధ లోయ మునగడానికి సిద్ధమైతుంటే, ఇంకో దిక్కు లక్షల మంది మనుషుల్లో ధమ్మం మళ్లీ లేచింది. రాయి మునిగింది గానీ ధమ్మం మునగలేదు.

3. డ్యాం ఊరు

డ్యాం కోసం హిల్ కాలనీ, పైలాన్ కాలనీ, విజయపురి సౌత్ లేచినయి. వేలమంది కూలీలు రాయి కొట్టి, తట్టలు మోసి ఆ రాతికట్టను నిలబెట్టిన్రు. పాలమూరు కూలీల చెమట ఈ దేశంలో ఎన్ని ప్రాజెక్టుల్లో కలిసిందో మనకు తెలుసు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలింది. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ దిక్కు వరి పచ్చబడ్డది.

కాల్వ నీళ్లు పల్లానికి పారుతయి. మెట్టన ఉన్న మునుగోడు, దేవరకొండ పల్లెలు ఏండ్లకేండ్లు ఫ్లోరైడ్ నీళ్లే తాగినయి. జిల్లాలోనే అంత నీళ్లున్నా పిల్లల ఎముకలు వంకర పోయినయి. కాల్వ కింద కూడా భూమి ఉన్నోడికి పంట, భూమి లేని వాడకు కూలి.

అట్లని మనం డ్యాంలకు వ్యతిరేకులం కాదు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో ఉన్నప్పుడు దామోదర్, మహానది లాంటి నదుల అభివృద్ధికి బాబాసాహెబే దారి వేసిన్రు. నీళ్లు పేదరికం పోగొట్టాలె అన్నదే ఆయన ఆలోచన. మన ప్రశ్న కూడా అదే: మార్పు ఎవరికి మేలు చేసింది?

4. విహారయాత్రల ఊరు

డ్యాం పని ఒడిసినాక కాలనీల్లో సందడి తగ్గింది. తర్వాత టూరిస్టులతోటి ఊరు మళ్లీ మారింది. లాంచీ ఎక్కుడు, ద్వీపం మ్యూజియం చూసుడు, ఎత్తిపోతల పోవుడు, చేపల ఫ్రై తినుడు, ఫొటోలు దిగుడు. దీంతోటి చిన్న బండి పెట్టుకున్నోళ్లకు, లాంచీ నడిపేటోళ్లకు బతుకుదెరువు దొరికింది. దాన్ని మనం చిన్నచూపు చూడొద్దు. కానీ జనం పోయినాక ఒడ్డున మిగిలేవి సీసాలు, ప్లాస్టిక్ కవర్లు.

2022 మే 14న బుద్ధవనం మొదలైంది. 274 ఎకరాల్లో అమరావతి నమూనా మహాస్తూపం, జాతక కథల వనం, శ్రీలంక కానుకగా ఇచ్చిన 27 అడుగుల బుద్ధ విగ్రహం ఉన్నాయి. 2025 బుద్ధ పూర్ణిమ రోజు మిస్ వరల్డ్ పోటీదారులు కూడా అక్కడికి వచ్చిన్రు, ఫొటోలు పేపర్లలో వచ్చినయి. ప్రభుత్వం బుద్ధుని పేరు మీద ఇంత కట్టడం సంతోషమే. కానీ ప్రభుత్వానికి అది టూరిజం. టికెట్లు ఎన్ని తెగినయో లెక్క రాస్తరు. పంచశీల ఎంతమంది పాటిస్తున్నరో ఆ లెక్కలో రాదు.

ఇక్ష్వాకుల కాలంలో రాజు చేయి మీద నిలబడ్డది ఆ చేయి పోంగనే పడిపోయింది. నేడు సర్కారు చేయి మీద నిలబడ్డదానికీ అదే ధర్మం వర్తిస్తది. మనం ధమ్మం పాటిస్తే అది స్తూపం, లేకుంటే పార్కు.

5. అనిచ్చ మనకు ఆశ ఎందుకు?

బాబాసాహెబ్ 'బుద్ధుడు – ఆయన ధమ్మం'లో అనిత్యతను నిరాశగా చూడలేదు. మారే గుణం ఉంది కాబట్టే ఎదుగుదల సాధ్యం అని వివరించిన్రు. ఏదీ మారదంటే అంటరానితనం కూడా మారదనే అర్థం. పుట్టుకతో రాసిపెట్టి ఉందని చెప్పినోళ్లకు అనిచ్చే జవాబు. కులం కూడా కారణాలతోటి పుట్టింది, ఆ కారణాలను తీసేస్తే పోతది. ఒక లోయ నాలుగు రూపాలు మార్చింది. మన వాడ మారదా?

6. మనం చేయాల్సింది

సంవత్సరానికి ఒక పూర్ణిమకైనా వాడ నుంచి కలిసి సాగర్ పోవాలె. స్తూపం దగ్గర ముందు త్రిశరణ పంచశీల చెప్పుకోవాలె, ఫొటో తర్వాత. మ్యూజియంలో పిల్లలకు చాంతిసిరి, బోధిసిరి సంగతి చెప్పాలె. ఐదో శీలం గుర్తు పెట్టుకొని మందు సీసా లేకుండ పోయి రావాలె. మనం తెచ్చిన చెత్త మనమే తిరిగి తీసుకపోవాలె. ఇంటికొచ్చినాక, వారానికొకసారి జరిగే ధమ్మ తరగతి ఆగకుండ చూడాలె. రాజు పోయినా, సర్కారు మారినా నిలబడేది ఆ తరగతే.

చర్చకు ప్రశ్నలు

1. విజయపురి విహారాలు ఎందుకు ఖాళీ అయినయి? మన ఊరి విహారం ఎవరి మీద ఆధారపడి నడుస్తున్నది?
2. సాగర్ నీళ్లతోటి మన కుటుంబానికి ఏం వచ్చింది, ఏం రాలేదు? ఇంట్లో పెద్దోళ్లను అడిగి తెలుసుకోండి.
3. మన వాడలో మారాల్సింది ఏది? దాని కారణం ఏంది? ఆ కారణాన్ని తీసేయడానికి ఈ నెలలో ఒక్క పని ఏం చేయగలం?