కోడిగుడ్డు చెప్పిన కంటి పాఠం



మొన్న ఎనిమిదో తరగతిలో కన్ను పాఠం చెబుతూ, బోర్డు మీద బొమ్మ వేసి కార్నియా డెఫినిషన్ రాయించాను. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "మేడమ్, ఒంట్లో చర్మం, కండ, ఎముక ఏవీ అద్దంలా ఉండవు కదా! కార్నియా ఒక్కటే ఎందుకు అలా ఉంది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. "రేపు చెప్తానమ్మా" అన్నాను. ఆ రాత్రి కూర్చుని చదివిన విషయాలే ఈ నెల మీతో పంచుకుంటున్నాను.

సరుకు ఒకటే, అమరిక వేరు

కంట్లో తెల్లగా కనిపించే భాగం స్క్లీరా. నల్లగుడ్డు ముందు గడియారం అద్దంలా అమరిన పొర కార్నియా. దాని మందం మధ్యలో సుమారు అర మిల్లీమీటరు. ఈ రెండూ ప్రధానంగా కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులతోనే తయారవుతాయి. స్క్లీరాలో పోగులు కొన్ని లావుగా, కొన్ని సన్నగా, అడ్డదిడ్డంగా ఉంటాయి. వాటి మీద పడిన వెలుతురు చెదిరిపోతుంది కాబట్టి ఆ భాగం తెల్లగా కనిపిస్తుంది. కార్నియాలో పోగులన్నీ చాలా సన్నగా, ఒకే లావున, దాదాపు సమాన దూరంలో, పొర మీద పొరగా ఉంటాయి. వెలుతురు నేరుగా లోపలికి వెళ్తుంది. అడ్డం రావడానికి రక్తనాళాలు కూడా ఉండవు. మెలకువగా ఉన్నప్పుడు కార్నియా తనకు కావలసిన ఆక్సిజన్‌ను ఎక్కువగా కన్నీటి పొర ద్వారా గాలి నుంచే తీసుకుంటుంది.

ఆ అమరిక ఎవరు చేస్తారు?

ఈ ప్రశ్న మీద ఏళ్ల తరబడి పనిచేసిన శాస్త్రవేత్త అమెరికాలోని హార్వర్డ్ మెడికల్ స్కూల్‌కు చెందిన ఎలిజబెత్ హే (1927–2007). ఆమె ఎంచుకున్నది కోడిగుడ్డు. పొదిగిన గుడ్డు 21 రోజుల్లో పిల్ల అవుతుంది. కార్నియా తయారవడం మొదటి వారంలోనే మొదలవుతుంది. కాబట్టి రోజుకొక గుడ్డు తెరిచి చూస్తే ఆ పని దశలవారీగా కనిపిస్తుంది. జాన్ పాల్ రెవెల్‌తో కలిసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూసిన ఆ దశలను ఆమె 1969లో పుస్తకంగా తెచ్చారు.

కొల్లాజెన్ తయారుచేసేది లోపలి కణాలేనని అప్పట్లో అనుకునేవారు. హే, జేమ్స్ డాడ్సన్ కలిసి పిండం కార్నియా పైపొరను మాత్రమే వేరుచేసి ల్యాబ్‌లో పెంచారు. ఆ పైపొర తనంతట తానే కొల్లాజెన్ తయారుచేసింది. 1974లో స్టీఫెన్ మైయర్‌తో కలిసి ఆమె మరో సంగతి చూపించారు. పైపొరను ఉత్త ఫిల్టర్ మీద ఉంచితే పని మందకొడిగా సాగింది. కొల్లాజెన్ మీద ఉంచితే బాగా పుంజుకుంది.

అంటే కణాల చుట్టూ ఉన్న పదార్థం ఉత్త పూడిక కాదు. కణాలు దాన్ని తయారుచేస్తాయి, అది తిరిగి కణాల చేత పని చేయిస్తుంది. పైపొర వేసిన ఆ తొలి పొరలోకి తర్వాత వేరే కణాలు వచ్చి చేరి మిగతా కార్నియాను కడతాయి.

కంట్లో పువ్వు

మా అమ్మమ్మ ఎడమ కంట్లో తెల్లటి పువ్వు ఉండేది. కోతల రోజుల్లో కంట్లో వడ్ల ఊక పడిందట. ఎవరో ఆకుపసరు పోశారు. పుండు మానింది కానీ ఆ కంటికి చూపు పోయింది. "పువ్వు" అంటే ఏమిటో నాకు ఇప్పుడు అర్థమైంది. పైపొర మీద చిన్న గీత పడితే సాధారణంగా మచ్చ లేకుండా మానుతుంది. దెబ్బ లోపలి పొరకు తగిలితే మాత్రం, మానేటప్పుడు వచ్చే కొత్త కొల్లాజెన్ వెనకటి వరుసలో కుదరదు. అద్దంలా ఉండాల్సిన చోటు తెల్లబడుతుంది.

ఇంట్లో గుర్తుంచుకోండి

• కంట్లో ఏదైనా పడితే నలపనివ్వకండి. శుభ్రమైన నీళ్లతో కడగండి. సున్నం, యాసిడ్, ఫినాయిల్ లాంటివి పడితే వెంటనే కనీసం 15 నిమిషాలు నీళ్లు ధారగా పోసి, కంటి డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి.

• గుచ్చుకున్న దాన్ని మీరు లాగకండి. ఆకుపసరు, ఆముదం, చనుబాలు పోయకండి. డాక్టర్ చెప్పకుండా మెడికల్ షాపులో కొన్న చుక్కలు వేయకండి.

• పెన్సిల్, కంపాస్, పుల్లల బాణాలతో ఆడేటప్పుడు, దీపావళి టపాసులు కాల్చేటప్పుడు పిల్లల పక్కనే ఉండండి.

పిల్లలతో చేసి చూడండి

గుడ్డు పగలగొట్టి సొన చూపించండి, అవతలి వైపు కనిపిస్తుంది. పెనం మీద వేస్తే తెల్లబడుతుంది. కొత్తగా ఏమీ కలపలేదు, ప్రొటీన్ల అమరిక మారిందంతే. గుడ్డు తినని ఇళ్లలో తేటగా ఉన్న ఐస్ ముక్కను పొడి చేసి చూపించండి, అదీ తెల్లబడుతుంది. ఎందుకో ముందు పిల్లల్నే చెప్పనివ్వండి.

ఇలాంటి ప్రశ్న మీ ఇంట్లో ఎవరైనా అడిగి, మీకు జవాబు తెలియకపోతే, డైరీలో రాసి పంపండి. నాకూ తెలియకపోతే కలిసి చదువుకుందాం.

– మీ పిల్లల సైన్స్ టీచర్