ఒక డిష్ - రెండు గదులు

ఒక ఊళ్లో ఒక ఇల్లు. ఆ ఇంట్లో ఇద్దరు కోడళ్లు. డాబా మీద డిష్ ఉంది. ఊళ్లో దాన్ని గొడుగు అంటారు. అది దూరదర్శన్ వారి ఫ్రీ డిష్. ఈ పథకం 2004 డిసెంబరులో మొదలైంది. దీనికి నెల నెలా డబ్బు కట్టక్కరలేదు.

అత్తగారు కాలు విరిగి మంచం పట్టింది. ఆమె మంచం వెనక గదిలో. టీవీ ముందు గదిలో. పగలంతా ఆమె గోడ చూస్తూ పడుకునేది. "అమ్మాయ్, ఆ పాట ఏమిటే?" అని లోపలి నుంచి అడిగేది. చుట్టాల ఇంటి నుంచి ఒక పాత టీవీ తెచ్చారు. వెనక గదిలో పెట్టారు.

మరిది వైరు మధ్యలో కోశాడు. ఇంకో వైరు తెచ్చి రెండూ కలిపి మెలి పెట్టాడు. అంతే! ముందు గది టీవీ కూడా ఆగిపోయింది. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి. పిల్లవాడు చదివాడు. "ఎల్‌ఎన్‌బి షార్ట్" అని ఉంది.

ఎల్‌ఎన్‌బి అంటే ఏమిటి? డిష్ ముందు కడ్డీకి చిన్న డబ్బాలాంటిది ఉంటుంది కదా, అదే. ఉపగ్రహం నుంచి వచ్చే సిగ్నల్‌ను డిష్ పోగు చేస్తుంది. ఎల్‌ఎన్‌బి దాన్ని అందుకుని వైరులోకి పంపుతుంది. ఇది పని చేయాలంటే దానికి కరెంటు కావాలి. ఆ కరెంటు ఇంట్లోని సెట్‌టాప్ బాక్సు నుంచే పోతుంది. 13 వోల్టులో, 18 వోల్టులో పోతుంది. అంటే ఒకే వైరులో సిగ్నల్ కిందికి వస్తుంది, కరెంటు పైకి పోతుంది.

డిష్ వైరు చీల్చి చూడండి. నడుమ ఒక తీగ ఉంటుంది. దాని చుట్టూ తెల్లటి ప్లాస్టిక్. దాని పైన రేకు, సన్నని తీగల జడ. ఆ జడలోని ఒక్క పోగు నడిమి తీగకు తగిలినా షార్ట్ అవుతుంది. మరిది మెలి పెట్టిన చోట జరిగింది అదే. వెంట్రుకంత తీగ ఇల్లంతటి టీవీ ఆపేసింది! బాక్సు కాలిపోలేదు, అదృష్టం.

పూర్వం ఏరియల్ రోజుల్లో కూడా ఇలా మెలి పెట్టేవారు. చేప ముల్లులాంటి ఏరియల్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. అప్పుడు షార్ట్ బాధ అంతగా లేదు. కానీ బొమ్మ పాడయ్యేది. ఒక బోదెలో నీళ్లు రెండు బోదెలకు మళ్లిస్తే ఏమవుతుంది? ఒక్కో బోదెకు సగమే పారుతుంది. కొంత గట్టులో ఇంకిపోతుంది. సిగ్నల్ కూడా అంతే. రెండు టీవీలకు పంచితే ఒక్కోదానికి సగం కంటే కాస్త తక్కువే వస్తుంది. టవరు దూరమైతే బొమ్మ నిండా చుక్కలు. అప్పుడు బూస్టర్ పెట్టేవారు. బూస్టర్‌ను ఏరియల్ దగ్గరే పెట్టాలి. టీవీ దగ్గర పెడితే వైరులో కలిసిన చెత్త కూడా పెద్దదవుతుంది. బురద నీళ్లకు మోటారు పెడితే బురదే కదా వచ్చేది! దూరదర్శన్ పాత రకం టవర్లు దాదాపు అన్నీ 2022 నాటికి మూతపడ్డాయి. ఇప్పటి డిజిటల్ బొమ్మలో చుక్కలు రావు. సిగ్నల్ చాలకపోతే బొమ్మ గళ్లు గళ్లుగా విరుగుతుంది, ఆగిపోతుంది.

పెద్ద కోడలు పట్నం పోయింది. షాపులో అడిగితే ఒక స్ప్లిట్టర్ ఇచ్చారు. ఒక వైపు ఒక రంధ్రం, రెండో వైపు రెండు. ఆమె రాత్రి బడిలో అంకెలు నేర్చుకుంది. స్ప్లిట్టర్ మీద చూసింది. 5-1000 అని ఉంది.

"ఇది డిష్‌కు పనికొస్తుందా?" అని అడిగింది.

షాపు ఆయన తిరగేసి చూశాడు. "లేదమ్మా, ఇది కేబుల్‌కు" అన్నాడు. మోసమేమీ కాదు, అక్కడికి వచ్చేవాళ్లలో కేబుల్ వాళ్లే ఎక్కువ. డిష్ వైరులో సిగ్నల్ 950 నుంచి 2150 దాకా నడుస్తుంది. 1000 దాకా పనిచేసే స్ప్లిట్టర్ దానికి చాలదు. డిష్‌కు 5-2400 అని రాసి ఉన్నది కావాలి. కరెంటు కూడా దానిలోంచి పైకి పోవాలి.

అంతకంటే మంచి దారి ఉంది. రెండు నోళ్ల ఎల్‌ఎన్‌బి దొరుకుతుంది. ఒక్కో నోటి నుంచి ఒక్కో గదికి వేరే వైరు. పంచుకునే గొడవ లేదు. పెద్ద కోడలు అదే కొన్నది. రెండో సెట్‌టాప్ బాక్సు కూడా కొన్నది. బాక్సు ఒక్కటే ఉంటే రెండు టీవీల్లో ఒకే చానల్ వస్తుంది. రిమోట్ ముందు గదిలో మగవాళ్ల చేతిలోనే ఉంటుంది. అత్తగారికి నచ్చింది అత్తగారు చూడాలి కదా.

మరిది డాబా ఎక్కబోయాడు. "ఆగు నాయనా, ముందు ప్లగ్గులు తీద్దాం" అంది వదిన. రెండు బాక్సుల ప్లగ్గులూ తీసింది. కరెంటు తీగలు డాబాకు ఎంత దూరంలో ఉన్నాయో చూసింది. ఉరుములు మెరుపులు వస్తే పైకి ఎక్కకూడదు. లోపల ప్లగ్గు, డిష్ వైరు రెండూ తీసేయాలి.

ఈసారి మెలి పెట్టలేదు. వైరు కొసలకు మర కనెక్టర్లు బిగించారు. జడ పోగులు వెనక్కి మడిచారు. పైన జాయింటుకు టేపు చుట్టారు. గోడ కన్నం దగ్గర వైరును కాస్త కిందికి వంచి, తర్వాత లోపలికి దూర్చారు. వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

సాయంత్రం వెనక గదిలో డీడీ సప్తగిరి వచ్చింది. "శబ్దం పెంచవే" అంది అత్తగారు.

చదవండి, రాయండి:
మీ ఇంట్లో స్ప్లిట్టర్ ఉందా? దాని మీద ఏ అంకెలు ఉన్నాయి? అది డిష్‌కు పనికొస్తుందా?
సెట్‌టాప్ బాక్సు నుంచి ఎల్‌ఎన్‌బికి ఏమి పోతుంది?