దాయాదులు, రకీబులు: బోస్టన్ - న్యూయార్క్ బేస్‌బాల్ వైరం

తెలుగులో ‘దాయాది’ అనే మాట ఉన్నది. ఒకే వంశంలో పుట్టి ఒకే ఆస్తిలో భాగం కోరేవాడు దాయాది. ఉర్దూలో ‘రకీబ్’ అనే మాట ఉన్నది. ఒకే ప్రేయసిని కోరే ఇద్దరిలో ఒకరికి మరొకరు రకీబ్. ఈ రెండు మాటలలోను ఒకే సత్యం ఇమిడి ఉన్నది. బొత్తిగా సంబంధం లేనివారి మధ్య వైరం ఎక్కువ కాలం నిలువదు. ఒకే వస్తువును ప్రేమించేవారి మధ్యనే అది తరతరాలు నిలుస్తుంది.

అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని బోస్టన్ రెడ్‌సాక్స్, న్యూయార్క్ యాంకీస్ అనే రెండు బేస్‌బాల్ జట్ల అభిమానుల స్పర్ధ ఇందుకు చక్కని నిదర్శనం. నూరేండ్లు దాటినా అది చల్లారలేదు. తాతలు మనుమలకు ఇంటి ఆస్తితో పాటు ఈ పక్షపాతాన్ని కూడ అప్పగిస్తూ వచ్చారు. ఈ వైరం ఎట్లా పుట్టినది, ఎందుకు పెరిగినది, దాని నుండి విద్యార్థులమైన మనము గ్రహింపదగినది ఏమి అనే విషయాలను ఈ వ్యాసంలో పరిశీలింపదలచాము.

ఆట స్వరూపం

క్రికెట్టు తెలిసిన మనకు బేస్‌బాల్‌ను అర్థం చేసుకొనడం కష్టం కాదు. ఒక్కొక్క జట్టుకు తొమ్మిదిమంది ఆటగాళ్ళు. మైదానంలో చతురస్రాకారంగా నాలుగు స్థానాలుంటాయి. వాటినే ‘బేస్’ అంటారు. ఒక బేస్‌కు మరొక బేస్‌కు నడుమ దూరం 90 అడుగులు. బంతి విసరేవానిని ‘పిచర్’ అంటారు. బంతి నేలను తాకకుండ నేరుగా బ్యాటు వద్దకు వస్తుంది. కొట్టినవాడు మూడు బేస్‌లను దాటి, బయలుదేరిన చోటికి తిరిగి చేరితే ఒక పరుగు. బంతిని సరిహద్దు గోడ అవతలకు కొడితే అది ‘హోమ్‌రన్’. ముగ్గురు అవుటైతే ఆ జట్టు వంతు ముగుస్తుంది. ఇట్లా ఒక్కొక్క జట్టుకు తొమ్మిది వంతులు. అప్పటికీ పరుగులు సమానమైతే, ఫలితం తేలేవరకు అదనపు వంతులు ఆడుతారు. కనుక అభిమానికి ‘డ్రా’ అనే ఓదార్పు లేదు. గెలుపో ఓటమో ఏదో ఒకటి మోసుకొని ఇంటికి పోవలసినదే.

రెండు నగరాల కథ

ఈ వైరం ఆటకంటె పాతది. బోస్టన్ నగరం 1630లో స్థాపితమైనది. అమెరికా స్వాతంత్ర్య సంగ్రామానికి నాంది పలికిన ఘట్టాలలో కొన్ని అక్కడనే జరిగినవి. 1773లో తేయాకు పెట్టెలను సముద్రం పాలు చేసినది ఆ రేవులోనే. న్యూయార్క్ మొదట డచ్చివారి వర్తక స్థావరం. 1664లో ఆంగ్లేయుల వశమైనది. 1825లో ఈరీ కాలువ పూర్తి కాగా, లోతట్టు ప్రాంతాల సరకంతా న్యూయార్క్ రేవుకు చేరసాగినది. ధనంలో, జనాభాలో, పలుకుబడిలో న్యూయార్క్ అందరినీ మించిపోయినది. చరిత్ర మాదని బోస్టన్‌వారు, వర్తమానం మాదని న్యూయార్క్‌వారు గర్వించడం ఆనాటి నుండి ఉన్నదే.

ఈ రెండు నగరాల నడుమ దూరం సుమారు 200 మైళ్ళు. మధ్యలో కనెక్టికట్ రాష్ట్రం ఉన్నది. అందులో న్యూయార్క్‌కు చేరువైన నైరుతి భాగం యాంకీస్ పక్షం, ఈశాన్య భాగం రెడ్‌సాక్స్ పక్షం. నడుమనున్న ఊళ్ళలో ఒకే ఇంట అన్న ఒక పక్షమై, తమ్ముడు మరొక పక్షమై ఉండడం కద్దు.

బోస్టన్ జట్టు 1901లో అమెరికన్ లీగ్‌లో చేరినది. 1903లో మొట్టమొదటి ‘వరల్డ్ సిరీస్’ గెలిచినది ఆ జట్టే. అదే ఏడు న్యూయార్క్ జట్టు లీగ్‌లో ప్రవేశించినది. మరుసటి ఏడు, 1904లో, లీగ్ విజేత ఎవరో ఈ రెండు జట్ల ఆటతోనే తేలినది. ఆ ఏడాది 41 ఆటలు గెలిపించిన న్యూయార్క్ పిచర్ జాక్ చెస్‌బ్రో, చివరి రోజున ఒక్క బంతిని అదుపు తప్పి విసిరాడు. ఆ ఒక్క బంతితో బోస్టన్‌కు గెలుపు పరుగు, దానితో పాటు లీగ్ విజయమూ లభించినవి. నలుబది యొక్క విజయాలను మరచి, ఆ ఒక్క బంతినే లోకం జ్ఞాపకం ఉంచుకొన్నది.

ఒక విక్రయం

అయినను నిజమైన వైరానికి మూలం ఒక విక్రయం. 1912, 1915, 1916, 1918 సంవత్సరాలలో బోస్టన్ మరల వరల్డ్ సిరీస్ గెలిచినది. చివరి మూడు విజయాల కాలంలో బేబ్ రూత్ అనే యువకుడు ఆ జట్టులో ఉన్నాడు. మొదట పిచర్‌గా పేరు పొంది, తరువాత బ్యాటుతో అద్భుతాలు చేశాడు. 1919లో అతడు కొట్టిన 29 హోమ్‌రన్లు ఆనాటికి రికార్డు. ఆ ఏడు డిసెంబరులో జట్టు యజమాని, నాటక ప్రదర్శనల వ్యాపారి అయిన హ్యారీ ఫ్రేజీ, రూత్‌ను న్యూయార్క్‌కు లక్ష డాలర్లకు అమ్మాడు. అంతేగాక న్యూయార్క్ యజమానుల నుండి మూడు లక్షల డాలర్ల అప్పు పొందుతూ, బోస్టన్ జట్టు ఆడే ఫెన్‌వే పార్కునే తాకట్టు పెట్టాడు. సొంత మైదానం కాగితాలు ప్రత్యర్థి పెట్టెలో చేరడంకంటె అవమానం ఏమున్నది?

1920లో రూత్ న్యూయార్క్ తరఫున 54 హోమ్‌రన్లు కొట్టాడు. 1923 ఏప్రిల్ 18వ తేదీన యాంకీ స్టేడియం ప్రారంభమైనది. మొదటి ఆటకు ప్రత్యర్థి బోస్టన్. ఆ రోజు హోమ్‌రన్ కొట్టినవాడు రూత్. అంతకుముందు ఒక్కసారియైనా వరల్డ్ సిరీస్ గెలువని యాంకీస్, 1923 మొదలు 2000 వరకు 26 సార్లు గెలిచినది. బోస్టన్ 1918 తరువాత 86 ఏండ్లు ఒక్కసారియైనా గెలువలేదు. 1946, 1967, 1975, 1986లలో తుదిపోటీకి చేరి, నాలుగు పర్యాయాలూ ఏడవ ఆటలో ఓడినది.

శాపమా, స్వయంకృతమా?

ఇన్ని ఓటములకు ఏదో కారణం కావలె కదా! రూత్ శాపమే కారణమని ఒక కథ ప్రచారంలోకి వచ్చినది. 1990లో ఒక పత్రికా రచయిత ఆ శాపం పేరుతోనే గ్రంథం వెలువరించడంతో అది ఇంటింటి మాట అయినది. శాపం అనే భావన మనసుకు హాయినిస్తుంది. ఏలననగా అందులో మన తప్పు ఏమీ ఉండదు.

చరిత్ర చెప్పేది వేరు. 1945 ఏప్రిల్‌లో జాకీ రాబిన్సన్ అనే నల్లజాతి యువకుడు మరి ఇద్దరితో కలిసి ఫెన్‌వే పార్కులో తన ఆటను ప్రదర్శించాడు. బోస్టన్ వారిని తీసుకొనలేదు. రెండేండ్ల తరువాత, 1947లో, రాబిన్సన్ బ్రూక్లిన్ జట్టులో చేరి ఆ శతాబ్దంలో పెద్ద లీగులలోని వర్ణభేదపు గోడను పడగొట్టాడు. ఒకదాని వెంట ఒకటిగా జట్లన్నీ తలుపులు తెరిచినవి. అన్నిటికంటె చివర తెరిచినది బోస్టన్. 1959లో పంప్సీ గ్రీన్ రాకతో. ఈ విషయంలో న్యూయార్క్‌ను కూడ పొగడవలసిన పని లేదు. 1955లో ఎల్‌స్టన్ హోవార్డ్ వచ్చేవరకు ఆ జట్టూ కాలయాపన చేసినదే.

ప్రతిభ గుమ్మం ముందు నిలిచి ఉండగా తలుపు మూసుకొన్న ఇంటికి వేరొక శాపం ఎందుకు? ఓటములకు ఇది ఒక్కటే కారణమని మేము అనము. కాని శాపం కథను వేలసార్లు చెప్పుకొన్న అభిమానులు ఈ కథను ఎంతో అరుదుగా చెప్పుకొన్నారు. ప్రత్యర్థిపై కోపం అప్పుడప్పుడు మన లోపాన్ని మన కంటికి కనబడనీయదు. స్పర్ధలో ఉన్న మొదటి ప్రమాదం ఇదియే.

మరువరాని మూడు సంవత్సరాలు

1978 జులైలో యాంకీస్ బోస్టన్‌కంటె 14 ఆటలు వెనుకబడి ఉన్నది. సెప్టెంబరులో ఫెన్‌వేకు వచ్చి వరుసగా నాలుగు ఆటలు గెలిచినది. సీజను ముగిసేసరికి రెండు జట్లూ సమానం. అక్టోబరు 2వ తేదీన జరిగిన ఒకే ఒక నిర్ణాయకపు ఆటలో, హోమ్‌రన్లకు పెద్ద పేరు లేని బకీ డెంట్ కొట్టిన హోమ్‌రన్ బోస్టన్ ఆశలను అణచివేసినది. న్యూయార్క్ 5, బోస్టన్ 4.

2003లో లీగ్ తుదిపోటీ ఏడవ ఆటలో బోస్టన్ 5-2 ఆధిక్యంలో ఉండగా, యాంకీస్ ఎనిమిదవ వంతులో సమానం చేసినది. పదకొండవ వంతులో ఆరన్ బూన్ హోమ్‌రన్ కొట్టాడు. గెలుపు చేతి దాకా వచ్చి నోటికి అందలేదు.

2004లో అవే రెండు జట్లు మరల ఎదురైనవి. యాంకీస్ మొదటి మూడు ఆటలూ గెలిచినది, మూడవదానిలో 19-8. నాలుగవ ఆటలో తొమ్మిదవ వంతు వచ్చేసరికి బోస్టన్ ఒక పరుగు వెనుకబడి ఉన్నది. పిచర్ మరియానో రివేరా. ఆ కాలంలో చివరి వంతులలో అతనిని మించినవాడు లేడు. అప్పుడు ఇతరునికి బదులు పరుగెత్తడానికి వచ్చిన డేవ్ రాబర్ట్స్, పిచర్ బంతి విసరుతుండగానే పరుగెత్తి రెండవ బేస్ చేరుకొన్నాడు. తరువాతి దెబ్బకు స్కోరు సమానమైనది. పన్నెండవ వంతులో డేవిడ్ ఓర్టిజ్ హోమ్‌రన్‌తో బోస్టన్ గెలిచినది. అయిదవ ఆట పద్నాలుగు వంతులు సాగినది, అదీ బోస్టన్‌దే. ఆరవదీ, ఏడవదీ కూడ బోస్టన్‌వే. మొదటి మూడు ఆటలు ఓడి, ఏడు ఆటల పోటీని గెలిచిన జట్టు బేస్‌బాల్ చరిత్రలో అంతకుముందు లేదు. ఆ పిమ్మట సెయింట్ లూయిస్ జట్టుపై వరుసగా నాలుగు ఆటలు గెలిచి, 86 ఏండ్ల నిరీక్షణకు బోస్టన్ స్వస్తి చెప్పినది. శాపం ఎవరు తీసివేశారు? ఎవరూ కాదు, ఆడి గెలిచారు, అంతే.

అభిమాని మనస్సు

ప్రత్యర్థి ఓడితే మనకు ఆనందం ఎందుకు? 2011లో ప్రచురితమైన ఒక పరిశోధనలో మీనా చికారా అనే మనస్తత్త్వ శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు ఈ రెండు జట్ల అభిమానుల మెదళ్ళను యంత్రాల ద్వారా పరీక్షించారు. తమ జట్టు గెలిచినప్పుడు మెదడులో సంతోషానికి సంబంధించిన ఏ భాగం ఉత్తేజితమౌతున్నదో, ప్రత్యర్థి జట్టు వేరొక జట్టు చేతిలో భంగపడినప్పుడు కూడ అదే భాగం ఉత్తేజితమైనది. ఆ స్పందన అధికంగా ఉన్నవారు, ప్రత్యర్థి అభిమానిని తూలనాడడానికో కొట్టడానికో తాము వెనుదీయమని ఎక్కువగా ఒప్పుకొన్నారు. పరుల పరాభవంలోని తీపి, హింసకు ఎంత సమీపమో దీనివలన తెలుస్తున్నది. ఇది మాటవరసకు చెప్పినది కాదు. 2008లో న్యూ ఇంగ్లండ్‌లోని ఒక పట్టణంలో ఈ జట్ల పేరుతో మొదలైన వాగ్వాదం ముదిరి, ఒక నిండుప్రాణాన్ని బలిగొన్నది. ఒక ఇంట దీపం ఆరినది. ఆటల పట్టికలో మాత్రం ఒక్క పరుగైనా మారలేదు.

మందు కూడ శాస్త్రమే చూపినది. తుర్కీలో జన్మించి అమెరికాలో స్థిరపడిన ముజఫర్ షరీఫ్, 1954లో ఓక్లహోమా రాష్ట్రంలో 22 మంది బాలురను రెండు దళాలుగా విభజించి, బేస్‌బాల్, తాడులాగుడు మొదలైన పోటీలు పెట్టాడు. కొద్దిరోజులలోనే వారు ఒకరి జెండాను ఒకరు తగులబెట్టుకొనేవరకు వచ్చారు. కలిపి కూర్చోబెట్టి భోజనం పెడితే తగవు తగ్గలేదు. ఇరువురూ కలిసి చేస్తేనే నెరవేరే పనులను కల్పించినప్పుడు తగ్గినది. ఆహారం తేవలసిన ట్రక్కు కదలనప్పుడు, ఏ తాడుతో ఒకరినొకరు లాగుకొన్నారో, అదే తాడుతో అందరూ కలిసి దానిని లాగారు.

హద్దు తెలిసిన వైరం

ఈ రెండు నగరాలవారు కూడ ఆ తాడును కొన్నిసార్లు కలిసి పట్టుకొన్నారు. క్రొత్త యాంకీ స్టేడియం నిర్మాణంలో పనిచేసిన బోస్టన్ అభిమాని ఒకరు, యాంకీస్‌కు కీడు కలగాలని ఓర్టిజ్ చొక్కాను కాంక్రీటులో పాతిపెట్టాడు. సంగతి బయటపడగా యాంకీస్ దానిని త్రవ్వించి, బోస్టన్‌లో క్యాన్సరు రోగుల కొరకు పనిచేసే ధర్మనిధికి ఇచ్చినది. వేలంలో అది 1,75,100 డాలర్లు తెచ్చినది. కీడు తలచి పాతిన చొక్కా, రోగులకు మేలై మొలకెత్తినది!

2013 ఏప్రిల్ 15వ తేదీన బోస్టన్ మారథాన్ పరుగుపందెంలో బాంబులు ప్రేలినవి. మరునాడే న్యూయార్క్ స్టేడియం వెలుపల రెండు జట్ల చిహ్నాలను ప్రక్కప్రక్కన నిలిపారు. ఫెన్‌వేలో బోస్టన్‌వారు పాడుకొనే పాటను ఆ సాయంత్రం యాంకీ స్టేడియంలో వినిపించారు. న్యూయార్క్ ప్రేక్షకులు గొంతు కలిపారు. స్పర్ధ అంతరించలేదు, తన హద్దును తాను తెలుసుకొన్నది.

‘రకీబ్’ అనే అరబీ పదానికి మూలార్థం ‘కనిపెట్టి చూచువాడు’ అని. మన మిత్రుడు చూడని లోపాన్ని చూచేవాడు, మన విజయాన్ని మనకంటె ఖచ్చితంగా లెక్కపెట్టేవాడు ప్రత్యర్థియే. అట్టివాడు లేకపోతే 2004 విజయానికి అంత రుచి ఉండెడిది కాదు. మన కళాశాలలోను తరగతికి తరగతి, జట్టుకు జట్టు పోటీలు పడుతూనే ఉంటాము. తాడును గట్టిగానే లాగుదాము. కాని ట్రక్కు ఆగిపోయిన రోజున ఆ తాడు ఎక్కడ ఉన్నదో ఇరుపక్షాలకూ తెలిసి ఉండవలె. మా మనవి ఇంతే.