పానకంలో మిరియం ఘాటు ఏది?

ప్రశ్న: శ్రీరామనవమి పానకం మీద వచన కవిత రాశాను. ప్రతి పాదానికీ అంత్యప్రాస కుదిరింది. అయినా చప్పగా ఉందంటున్నారు. లోపం ఎక్కడ?

జవాబు: నా అనుమానం ఆ అంత్యప్రాస మీదే. అన్ని పాదాలూ ఒకేలా ముగిస్తే చెవి ముందే ఊహించేసి వినడం మానేస్తుంది. పైగా పానకాన్ని ‘అమృతం’, ‘మాధుర్యం’ అన్నారు. అవి ఏ పాయసానికైనా సరిపోతాయి. పానకం తాగితే గొంతులో మిరియం చురుక్కుమనాలి కదా! బెల్లం కరిగే చోట ల, న, మలతో పాదాన్ని సాగనివ్వండి. మిరియాలు దంచే చోట ట, క ద్విత్వాలతో, పొట్టి మాటలతో తెంచండి. ‘టకటక’ లాంటి అనుకరణ పదం ఒక్కటి చాలు. రెండోది పడితే పిల్లల పాటైపోతుంది (అది తక్కువని కాదు, మీరు రాస్తున్నది అది కాదు). రంగును బంగారంతో పోల్చిన పాదం తీసేయండి. గ్లాసు అడుగున మిగిలే యాలకుల నలుసులు అంతకంటే బాగా కనిపిస్తాయి.

మంగళగిరి కొండమీద పానకాల స్వామి నోట్లో పానకం పోస్తే గుటకల చప్పుడు వినిపిస్తుందని, అది ఆగాక మిగిలింది ప్రసాదమని భక్తులు చెబుతారు. కవికి చప్పుడు కన్నా అది ఆగిన క్షణమే ఎక్కువ పనికొస్తుంది. మీ కవితలో తాగే చోట పాదాన్ని సగంలోనే విరిచి చూడండి.