యంత్రానికీ భ్రాంతి

పాఠ్యభాగ ఉద్దేశం

ఒక పరికరం పనిచేయనపుడు దోషం ఎక్కడ ఉన్నదో తెలిసికొనకముందే దేనిపైనో నేరం మోపడం లోకసహజం. ల్యాప్‌టాప్ కంప్యూటర్ తనకు తగిలించిన మౌస్‌ను సరిగా గుర్తించని సందర్భాన్ని ఉదాహరణగా తీసికొని, కారణాన్వేషణలో పాటించవలసిన క్రమాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

పరీక్ష వ్రాసే విద్యార్థికి ఒకప్పుడు కలమే సాధనం. నేడు అనేక ప్రవేశపరీక్షలలో ఆ స్థానాన్ని మౌస్ ఆక్రమించింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎంసెట్ 2017లో కాగితం విడిచి కంప్యూటర్ తెరపైకి వచ్చింది. 2021లో దానికి ఇ.ఎ.పి.సెట్ అని పేరు మారింది. మూడు గంటలలో 160 ప్రశ్నలకు అభ్యర్థి మౌస్ నొక్కి సమాధానాలు గుర్తించాలి. జె.ఇ.ఇ. మెయిన్‌లో కొన్ని ప్రశ్నలకు సమాధానంగా ఇవ్వవలసిన సంఖ్యను సైతం తెరపై కనబడే అంకెల పలకపై మౌస్‌తోనే నమోదు చేయాలి. ల్యాప్‌టాప్‌కు టచ్‌ప్యాడ్ అనే స్పర్శఫలకం ఉన్నప్పటికీ, పరీక్షా కేంద్రంలో చేతికి అందేది సాధారణంగా మౌసే. కనుక నరసరావుపేటలో చదివినా, మాచర్లలో చదివినా, ఇంటివద్ద సాధన చేసే విద్యార్థి మౌస్‌కు చేయి అలవాటు చేసికొనక తప్పదు. అటువంటి సమయంలో ల్యాప్‌టాప్ ఆ మౌస్‌ను గుర్తించకపోతే విలువైన దినాలు వృథా అవుతాయి.

మౌస్‌కు ఆరు దశాబ్దాల చరిత్ర ఉన్నది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచనను అనుసరించి బిల్ ఇంగ్లిష్ 1964లో మొదటి మౌస్‌ను నిర్మించాడు. అది ఒక చెక్కపెట్టె. దాని అడుగున ఒకదానికొకటి అడ్డంగా అమర్చిన రెండు చక్రాలు, పైన ఒకే ఒక మీట ఉండేవి. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో ఎంగెల్‌బార్ట్ దానిని సభాముఖంగా ప్రదర్శించాడు. తోకవంటి తీగ ఉండడంచేత ఎలుక అనే అర్థం గల ఆ పేరు దానికి నిలిచిపోయింది.

తొలినాళ్లలో మౌస్‌కు, కీబోర్డుకు, ప్రింటరుకు వేర్వేరు రంధ్రాలు ఉండేవి. ఈ చిక్కును తొలగించడానికి 1996లో యు.ఎస్.బి. అనే ఉమ్మడి పద్ధతి వచ్చింది. ఇంటెల్ సంస్థలో పనిచేసిన భారతీయ సంతతి ఇంజనీరు అజయ్ భట్ దాని రూపకల్పనలో ముఖ్యపాత్ర వహించాడు. ఒకే ఆకారం గల రంధ్రంలో ఏ పరికరాన్నైనా తగిలించే సౌకర్యం ఏర్పడింది. అయితే దానితోపాటు ఒక ప్రశ్న కూడా పుట్టింది. రంధ్రాన్నిబట్టి పరికరాన్ని పోల్చుకొనే వీలు లేనపుడు, వచ్చినది మౌసో కీబోర్డో కంప్యూటర్‌కు ఎట్లా తెలుస్తుంది?

కంప్యూటర్‌కు కన్నులు లేవు. అది పరికరాన్ని అడిగి తెలిసికొంటుంది. యు.ఎస్.బి. తీగలో సామాన్యంగా నాలుగు సన్నని తీగలు ఉంటాయి. వాటిలో రెండు విద్యుత్తుకు, రెండు సమాచారానికి. మౌస్‌ను తగిలించగానే సమాచారపు తీగలలో ఒకదానిపై వోల్టేజి పెరుగుతుంది. ఎవరో తలుపు తట్టినట్లు కంప్యూటర్ గ్రహించి, వివరాలు అడుగుతుంది. పరికరం తన తయారీదారు సంఖ్యను, తన రకపు సంఖ్యను 18 బైట్ల చిన్న పత్రంలో పంపుతుంది. తరువాత తన తరగతిని తెలుపుతుంది. మనిషి చేతితో నడిపే సాధనాల తరగతి సంఖ్య 3. ఆ తరగతిలో సాధారణ కీబోర్డు తనను 1 అని, మౌస్ తనను 2 అని చెప్పుకొంటాయి. ఆ సమాధానాన్నిబట్టి కంప్యూటర్ డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామును నియమిస్తుంది. డ్రైవర్ ఒక దుబాసీ వంటిది. పరికరపు భాషను కంప్యూటర్‌కు విప్పి చెప్పడం దాని పని.

ఈ పరిచయంలో ఎక్కడ తేడా వచ్చినా గుర్తింపు తప్పుతుంది. ఆ తప్పులను వేరుచేసి చూడడానికి మన తర్కశాస్త్రం చక్కని మార్గం చూపింది. పదిహేడవ శతాబ్దికి చెందిన ఆంధ్ర పండితుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో యథార్థం కాని అనుభవాన్ని సంశయం, విపర్యయం, తర్కం అని మూడు విధాలుగా విభజించాడు. వాటిలో మొదటి రెండు ఇక్కడ చాలును. మసక చీకటిలో దూరాన నిలిచినది మోడా, మనిషా అని తేల్చుకొనలేకపోవడం సంశయం. ఆల్చిప్పను చూచి వెండి అని నిశ్చయించుకొనడం విపర్యయం. మొదటిదానిలో నిశ్చయం లేదు. రెండవదానిలో నిశ్చయం ఉన్నది కాని అది తప్పు.

ల్యాప్‌టాప్ తెరపై తెలియని పరికరం అనే మాట కనబడితే అది సంశయస్థితి. ఏదో తగిలించారని దానికి తెలిసింది. ఏమిటని అడిగితే స్పష్టమైన సమాధానం రాలేదు. తీగ లోపల తెగడం, రంధ్రంలో పట్టు సడలడం, ధూళి చేరడం ఇందుకు తరచుగా కారణాలు. సున్నపు బట్టీలకు పేరుపడిన పిడుగురాళ్ల పరిసరాలలో సన్నని పొడి యంత్రాల సందులలో చేరడం వింత కాదు. కంప్యూటర్‌ను పూర్తిగా ఆపి, పొడి కుంచెతో గాని, చేతిపంపు గాలితో గాని రంధ్రాన్ని శుభ్రం చేయాలి. నోటితో ఊదితే తడి చేరుతుంది. గుండుసూదితో గీకితే లోపలి రేకులు వంగిపోతాయి.

విపర్యయం మరింత చిత్రమైనది. తీగ లేని మౌస్‌తోపాటు రిసీవర్ అనే చిన్న ముక్క వస్తుంది. ల్యాప్‌టాప్‌కు తగిలేది ఆ ముక్కయే. అందువల్ల ల్యాప్‌టాప్ గుర్తించేది రిసీవర్‌నే కాని, చేతిలోని మౌస్‌ను కాదు. ఒకే రిసీవర్ కీబోర్డుకు, మౌస్‌కు కూడా పనికివచ్చేదైతే, కీబోర్డు ఇంటిలో లేకున్నా పరికరాల పట్టికలో కీబోర్డు పేరు కనబడుతుంది. మరొక సందర్భం చూడండి. మౌస్ తగిలించినపుడు టచ్‌ప్యాడ్‌ను ఆపివేసే ఏర్పాటు అనేక ల్యాప్‌టాప్‌లలో ఉన్నది. మౌస్‌ను ఇంటివద్ద మరచి, రిసీవర్ మాత్రం రంధ్రంలో ఉండగా ల్యాప్‌టాప్‌ను కళాశాలకు తెచ్చిన విద్యార్థికి టచ్‌ప్యాడ్ పనిచేయదు. లేని మౌస్ ఉన్నదని యంత్రం నమ్మింది. రిసీవర్‌ను తీసివేయగానే టచ్‌ప్యాడ్ కదులుతుంది. ఈ సంగతి తెలియనివారు టచ్‌ప్యాడ్ చెడిపోయిందని మరమ్మతుకు పంపుతారు.

ఇంతకంటె జాగ్రత్త వహించవలసిన చోటు మరొకటి ఉన్నది. అనేక పాత ల్యాప్‌టాప్‌లలో టచ్‌ప్యాడ్ లోపల పి.ఎస్./2 అనే 1987 నాటి పాత పద్ధతిలో మాట్లాడుతుంది. అందువల్ల పరికరాల పట్టికలో అది పి.ఎస్./2 మౌస్ అనే పేరుతో కనబడవచ్చు. బయటి మౌస్ ఇదే కాబోలు అని దానిని తొలగించినవారు ఉన్న టచ్‌ప్యాడ్‌ను కూడా తాత్కాలికంగా పోగొట్టుకొంటారు. ఇక్కడ భ్రాంతి యంత్రానిది కాదు, మనిషిది.

ఇక దోషనిర్ణయం ఎట్లా చేయాలో ఒక ఉదాహరణతో తెలిసికొందాం. గురజాల సమీపంలోని ఒక పల్లెలో ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదివే బాలికను ఊహించుకొందాం. ఆమె ఇంటిలో పాత ల్యాప్‌టాప్ ఒకటి ఉన్నది. ప్రవేశపరీక్షకు ఇక మూడు వారాలు. తండ్రి నరసరావుపేటనుండి తీగ గల కొత్త మౌస్ తెచ్చాడు. దానిని మొదటిసారి తగిలించి, డ్రైవర్ సిద్ధమవుతుండగా కరెంటు పోయింది. పాత బ్యాటరీ నిలువలేదు. ల్యాప్‌టాప్ ఆగిపోయింది. మరునాడు తెరిచి చూస్తే మౌస్ పేరు మౌస్‌ల వరుసలో లేదు. ఇతర పరికరాలు అనే వరుసలో పసుపుపచ్చని త్రిభుజంతో కనబడింది. తెరపై బాణం కదలలేదు.

“నిన్న తెచ్చిందేగదమ్మా! తిరిగిచ్చి వేరేది తెద్దామా?” అన్నాడు తండ్రి.

“తప్పు మౌస్‌దో, ల్యాప్‌టాప్‌దో తెలియదుగా నాయనా! ముందు చూద్దాం,” అన్నది బాలిక.

ల్యాప్‌టాప్‌దే అయితే మరమ్మతు ఖర్చు కొత్త మౌస్ వెలకు ఎన్నో రెట్లు. ఆ కుటుంబానికి అది చిన్న మాట కాదు. ఇచ్చట బాలిక చేసిన పరీక్షలు మూడు.

మొదటిది, అదే మౌస్‌ను కళాశాలలోని మరొక కంప్యూటర్‌కు తగిలించింది. అది చక్కగా పనిచేసింది. కనుక మౌస్‌లో గాని, దాని తీగలో గాని దోషం లేదు.

రెండవది, స్నేహితురాలి మౌస్ తెచ్చి తన ల్యాప్‌టాప్‌లో అదే రంధ్రానికి తగిలించింది. అదీ పనిచేసింది. కనుక రంధ్రం చెడలేదు.

మూడవది, తన మౌస్‌నే ల్యాప్‌టాప్‌లోని వేరొక రంధ్రానికి తగిలించింది. బాణం కదిలింది. కనుక ఆ మౌస్‌కు, ఆ ల్యాప్‌టాప్‌కు పొత్తు కుదరకపోవడమూ లేదు.

మౌస్ మంచిదే, రంధ్రం మంచిదే, ల్యాప్‌టాప్ మంచిదే. మిగిలినది ఏమిటి? ఆ మౌస్‌ను ఆ రంధ్రంలో మొదటిసారి తగిలించినపుడు ల్యాప్‌టాప్ వ్రాసికొన్న వివరం. ప్రత్యేక క్రమసంఖ్య లేని పరికరాలకు విండోస్ వ్యవస్థ ఒక్కొక్క రంధ్రానికి ఒక్కొక్క నమోదు పెట్టుకొంటుంది. కరెంటు పోయిన క్షణాన ఆ నమోదు సగంలో ఆగిపోయింది. వేరొక రంధ్రంలో కొత్త నమోదు జరిగింది కనుక అక్కడ చిక్కు రాలేదు.

ఈ పద్ధతికి తార్కికులు పెట్టిన పేరు అన్వయ వ్యతిరేకాలు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, వంటఇంటిలో వలె. ఇది అన్వయం. నిప్పు లేనిచోట పొగ ఉండదు, మడుగులో వలె. ఇది వ్యతిరేకం. బాలిక ఒక్కొక్క పర్యాయం ఒక్క అంశాన్నే మార్చి, తక్కినవాటిని యథాతథంగా ఉంచింది. అందువల్లనే ఆమెకు నిర్ణయం సాధ్యమయింది. మౌస్‌ను, రంధ్రాన్ని ఒకేసారి మార్చి ఉంటే ఫలితం వచ్చినా కారణం తెలిసేది కాదు. మొదటి పరీక్షతోనే ఆగి ఉంటే ల్యాప్‌టాప్ చెడిందని తలచేది. మూడవ పరీక్ష మాత్రమే చేసి ఉంటే పాత రంధ్రం పోయిందని తీర్మానించేది. ఆ రెండు తీర్మానాలూ తప్పే.

కారణం తెలిసిన పిదప చికిత్స సులభం. విండోస్ గుర్తు గల మీటను, ఎక్స్ మీటను కలిపి నొక్కి, తరువాత ఎమ్ నొక్కితే డివైస్ మేనేజర్ అనే పరికరాల పట్టిక తెరుచుకొంటుంది. పసుపుపచ్చ త్రిభుజం ఉన్న పేరును ఎంచుకొని, పరికరాన్ని తొలగించే ఆదేశం ఇవ్వాలి. మౌస్‌ను ఊడదీసి, కంప్యూటర్‌ను మరల ప్రారంభించి, ఛార్జరు తగిలించి ఉంచి, అదే రంధ్రంలో మౌస్‌ను పెట్టాలి. పరిచయం మొదటినుండి జరుగుతుంది. అది పూర్తి అయ్యేవరకు మౌస్‌ను కదపరాదు. పట్టికలో ఇతర పేర్లను తొలగించే సాహసం చేయరాదు.

గుర్తింపు సరిగా ఉన్నా బాణం తడబడే సందర్భాలు ఉంటాయి. అపుడు దోషం గుర్తింపులో కాక వేరొకచోట ఉంటుంది. తీగ లేని మౌస్‌లు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలతో పనిచేస్తాయి. వేగవంతమైన యు.ఎస్.బి. 3.0 రంధ్రాలు, తీగలు ఆ తరంగాలకు ఆటంకం కలిగించగలవని ఇంటెల్ సంస్థ 2012లో వివరించింది. రిసీవర్‌ను వాటికి దూరంగా ఉన్న రంధ్రానికి మార్చితే ప్రయోజనం ఉంటుంది. అడుగున కాంతితో పనిచేసే మౌస్‌ను నున్నని అద్దంపై ఉంచినా బాణం నిలకడగా ఉండదు. దానికి ఒక కాగితం పరచడమే మందు.

పరికరం చెప్పిన మాటనే కంప్యూటర్ నమ్ముతుందన్న సత్యానికి మరొక ముఖం కూడా ఉన్నది. పెన్‌డ్రైవ్ ఆకారంలో ఉన్న పరికరం తాను కీబోర్డునని చెప్పుకొని, కంప్యూటర్‌కు తానే ఆదేశాలు ఇవ్వగలదని 2014లో జర్మనీకి చెందిన పరిశోధకులు కార్‌స్టన్ నోల్, జాకబ్ లెల్ నిరూపించారు. దారిలో దొరికిన పెన్‌డ్రైవ్‌ను కుతూహలంకొద్దీ తగిలించరాదని నిపుణులు హెచ్చరించేది ఇందుకే.

యంత్రం అడగడం వరకే ఎరుగును. వచ్చిన సమాధానం సత్యమా, అసత్యమా అని విచారించే బాధ్యత మనిషిది. ఆ విచారణ దుకాణానికి పరుగెత్తడానికి ముందే ఇంటిలో మొదలు కావాలి. మూడు చిన్న పరీక్షలకు అరవు తెచ్చుకొన్న ఒక మౌస్, ఒక సాయంత్రం చాలును.

పదాలు – అర్థాలు

భ్రాంతి = ఒకదానిని మరొకటిగా అనుకొనడం
సంశయం = నిశ్చయం లేని స్థితి
విపర్యయం = తప్పు నిశ్చయం
మోడు = కొమ్మలు లేక ఎండిన చెట్టు
ఆల్చిప్ప = ముత్యపు చిప్ప
దుబాసీ = రెండు భాషలు తెలిసిన మధ్యవర్తి
అరవు = ఎరువు, వాడుకొని తిరిగి ఇచ్చే వస్తువు

అభ్యాసం

అ) క్రింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు వ్రాయండి.
1. సంశయ విపర్యయాలకు గల భేదాన్ని పాఠంలోని ఉదాహరణలతో వివరించండి.
2. బాలిక చేసిన మూడు పరీక్షలను, వాటివల్ల తేలిన విషయాలను తెలపండి.
3. మీ ఇంటిలో పనిచేయని ఒక వస్తువును తీసికొని, అన్వయ వ్యతిరేకాల పద్ధతిలో దోషాన్ని ఎట్లా కనుగొంటారో వ్రాయండి.

ఆ) క్రింది వాక్యాలకు సందర్భ సహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. కంప్యూటర్‌కు కన్నులు లేవు.
2. ముందు చూద్దాం.
3. లేని మౌస్ ఉన్నదని యంత్రం నమ్మింది.

ఇ) ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. మొదటి మౌస్‌ను ఏ సంవత్సరంలో నిర్మించారు?
2. తర్కసంగ్రహ కర్త ఎవరు?
3. పాఠంలో డ్రైవర్‌ను ఎవరితో పోల్చారు?

ఈ) విడదీసి సంధి పేరు వ్రాయండి.
కారణాన్వేషణ, యథార్థం

ఉ) విగ్రహవాక్యం, సమాసం పేరు వ్రాయండి.
దోషనిర్ణయం, స్పర్శఫలకం, మూడు పరీక్షలు