విరుగుడు ముందు, విషం తర్వాత

చిరంజీవి సుధకు,

టాపిక్ మార్చమని మీ మేడమ్‌ను అడగొద్దు. ఖాళీ ప్లాస్మిడ్ ఎక్కించిన ప్లేటు నిండా కాలనీలు వచ్చాయని నువ్వే రాశావు కదా. అంటే కణాలు బాగున్నాయి, యాంటీబయాటిక్ బాగుంది, నీ చెయ్యీ బాగుంది. బార్నేజ్ జన్యువు పెట్టిన ప్లేటులో మాత్రం రెండు మూడు కాలనీలే వచ్చాయంటే, ఆ జన్యువు తన పని తాను చేసిందన్నమాట. అది ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేసే ఎంజైము. ఈ-కొలై లోపల అది కాస్త తయారైనా కణం బతకదు. ప్రమోటరును ఆపే ఉంచానంటావు. ఆపిన ప్రమోటరూ ఎంతో కొంత పనిచేస్తూనే ఉంటుంది తల్లీ. మామూలు ప్రోటీనైతే ఆ కొంచెం లెక్కలోకి రాదు, ఇక్కడ ప్రాణం తీస్తుంది.

నువ్వు ముందుగా అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. బార్నేజ్ పుట్టిల్లు బాసిల్లస్ అమైలోలిక్విఫేసియన్స్. అది ఇదే ఎంజైమును తయారుచేసి బయటికి వదులుతూ కూడా ఎలా బతుకుతోంది? కణం లోపల బార్‌స్టార్ అనే చిన్న ప్రోటీను కాపలా ఉంది కాబట్టి. బార్నేజ్‌లో 110 అమైనో ఆమ్లాలుంటే బార్‌స్టార్‌లో 89. ఆర్‌ఎన్‌ఏలోని ఫాస్ఫేటు వచ్చి కూర్చోవాల్సిన చోట బార్‌స్టార్ తన 39వ అమైనో ఆమ్లం ఆస్పార్టేటును దించి కోత స్థానాన్ని మూసేస్తుంది. బార్నేజ్ మీద ఆ చోట ధనావేశం, బార్‌స్టార్ మీద రుణావేశం. అందుకే రెండూ చాలా వేగంగా దగ్గరవుతాయి. వాటి వియోజన స్థిరాంకం దాదాపు 10⁻¹⁴ మోలార్. ఒకసారి పట్టుకుంటే విడిపోవడానికి రోజులు పడుతుంది.

ఇక నేను ఎవరికైనా మొదట చెప్పే మాట: విషం జన్యువు కనిపించగానే దాని విరుగుడు ఎక్కడుంది, ఎప్పుడు తయారవుతుంది అని చూడు. ఈ-కొలై తోటి ఈ-కొలై మీద వదిలే విషాలు, కోలిసిన్ల సంగతే తీసుకో. 1925లో బెల్జియంలో ఆండ్రే గ్రాషియా ఒక ఈ-కొలై రకం మరో ఈ-కొలై రకాన్ని చంపడం గమనించాడు. దాంతో ఈ కథ మొదలైంది. కోలిసిన్ జన్యువును లెక్స్-ఏ అనే ప్రోటీను మామూలు రోజుల్లో అణచి ఉంచుతుంది. డీఎన్‌ఏ దెబ్బతిన్నప్పుడే, అదీ కొద్ది కణాల్లోనే, అది మేలుకుంటుంది. దాని రక్షక ప్రోటీను జన్యువుకు మాత్రం సొంత ప్రమోటరు ఉంటుంది, అది ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. కత్తి చేయించకముందే ఒర సిద్ధం చేసుకున్నట్టు. విషం పుట్టేసరికి విరుగుడు ఎదురుగా ఉంటుంది. పక్క కణం వదిలిన విషం లోపలికొచ్చినా అదే కాపాడుతుంది.

ఎప్పుడన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడన్నదీ అంతే. కోలిసిన్ ఈ9 డీఎన్‌ఏను కోస్తుంది, దాని విరుగుడు ఇమ్9 కణద్రవంలోనే ఉంటుంది. పొరకు చిల్లులు పెట్టే కోలిసిన్ల విరుగుళ్లు లోపలి పొరలోనే పాతుకుని ఉంటాయి. సూడోమోనాస్ ఏరుజినోసా పక్క కణాల్లోకి గుచ్చే విషం టీఎస్‌ఈ1 కణకవచాన్ని కోస్తుంది కాబట్టి, దాని విరుగుడు టీఎస్‌ఐ1 రెండు పొరల మధ్య కాచుకుంటుంది. అన్నీ బార్‌స్టార్‌లా కోత స్థానాన్ని మూస్తాయనీ అనుకోకు. ఇమ్9 ఆ స్థానం పక్కన అతుక్కుని డీఎన్‌ఏను దగ్గరికి రానివ్వదు.

ఇంకొకటి, దీనికి నిన్ను మందలించక తప్పదు. బార్‌స్టార్‌నూ సీసీడీ-ఏనూ ఒకే గాటన కట్టి రెండూ యాంటీటాక్సిన్లే అని రాశావు. ఎఫ్ ప్లాస్మిడ్‌లోని సీసీడీ-ఏ త్వరగా నశించడానికే ఉంది. లాన్ అనే ప్రోటియేజు దాన్ని ఎప్పటికప్పుడు కొరికేస్తుంది. ప్లాస్మిడ్ పోగొట్టుకున్న కణంలో విరుగుడు ముందు పోయి, విషం మిగిలి, కణం చస్తుంది. బార్‌స్టార్, ఇమ్9 ఉన్నది నిలబడి కాపాడటానికి. ఒకటి ప్లాస్మిడ్‌ను వదలనివ్వని ఏర్పాటు, రెండోది కణాన్ని కాచే ఏర్పాటు. థీసిస్‌లో ఇవి కలగలిపితే పరీక్షకులు ఊరుకోరు, నేనూ ఊరుకోను.

ఇప్పుడు ఆ రెండు మూడు కాలనీల సంగతి. వాటిని చూసి సంతోషపడి కల్చర్ పెట్టేశానన్నావు. తొందరపడ్డావమ్మా. బార్‌స్టార్ లేకుండా బార్నేజ్ జన్యువును మోస్తూ ఏ కణమైనా బతికిందంటే, ఆ జన్యువు చెడిపోయి ఉండటానికే ఎక్కువ అవకాశం. ఒక్క అక్షరం జారి చదివే వరుస తప్పి ఉండొచ్చు, లేదా 102వ స్థానంలోని హిస్టిడిన్ లాంటి కీలకమైన అమైనో ఆమ్లం మారి ఉండొచ్చు. జెల్ మీద బ్యాండు సరైన సైజులోనే కనిపిస్తుంది, జన్యువు మాత్రం చచ్చి ఉంటుంది. సీక్వెన్స్ చదవకుండా ఆ కాలనీల మీద ఒక్క ప్రయోగం కూడా చేయొద్దు.

దారి ఎప్పుడో వేసి ఉంది. బార్‌స్టార్ ఉంటేనే ఈ-కొలైలో బార్నేజ్‌ను తయారుచేయించవచ్చని రాబర్ట్ హార్ట్లీ 1988లో ప్రచురించాడు. తర్వాత 1990లో ఈ బార్నేజ్‌నే పొగాకు, రేప్‌సీడ్ మొక్కల్లో పెట్టి మగ వంధ్యత్వం తెప్పించారు. అక్కడ విషాన్ని పుప్పొడిని పోషించే టపీటం పొరకే పరిమితం చేశారు కాబట్టి మొక్క బతికింది. బార్‌స్టార్ ఉన్న మొక్కతో సంకరం చేస్తే పుప్పొడి తిరిగి వచ్చింది. మన దేశంలో ఇంత వాదన నడుస్తున్న డీఎంహెచ్-11 ఆవాలలో ఉన్నదీ ఈ జంటే: వరుణ రకంలో బార్నేజ్, ఈహెచ్-2లో బార్‌స్టార్. ఆ వాదనలో ఏ పక్షం మాట్లాడాలన్నా ముందు ఈ జంట పని తెలిసి ఉండాలి.

కాబట్టి వచ్చే వారం బార్నేజ్ ముట్టుకోకు. ఎప్పుడూ నడిచే ప్రమోటరు కింద బార్‌స్టార్‌ను ముందు క్లోన్ చెయ్యి, సీక్వెన్స్ చూసుకో, ఆ తర్వాతే అదే ప్లాస్మిడ్‌లోకి బార్నేజ్‌ను తీసుకురా. సీక్వెన్స్ రాగానే నాకు పంపు, ఇద్దరం కలిసి చదువుదాం.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న